సూర్యప్రభగారి సీసాలు, రామారావుగారి మీసం

చైతన్యపురి మెట్రో స్టేషన్లో సంచులు తనిఖీ చేసే యంత్రంలో, ఒక సోమవారం మధ్యాహ్నం, రెండు తలల మేకపిల్ల కనిపించింది.

తెర ముందు కూర్చున్న సెక్యూరిటీ మనిషి పేరు మహేందర్. అతను బెల్టు ఆపి, సంచిని వెనక్కి లాగి, మళ్ళీ లోపలికి పంపాడు. రెండోసారి కూడా తలలు రెండే ఉన్నాయి.

"మేడం, గిదేంది?"

"మేకపిల్ల," అన్నారు సూర్యప్రభగారు.

"రెండున్నయా?"

"ఒక్కటే. తలలే రెండు."

మహేందర్ గోడమీది బోర్డు చదువుకున్నాడు. తేకూడని వస్తువుల్లో కత్తులు, టపాకాయలు, పెట్రోలు, పెంపుడు జంతువులు ఉన్నాయి.

"పెంచుకునేదా?"

"పుట్టకముందే పోయింది నాయనా. పెంచే అవకాశం ఎవరికీ రాలేదు."

ఇంకేం చెయ్యాలో తోచక అతను సీసాను బయటికి తీసి వెలుతురుకేసి పట్టుకున్నాడు. పాతకాలపు సీసా, మూత వదులు. లోపల ఉన్నది ఫార్మలిన్. చచ్చినవాటిని కుళ్ళకుండా కాపాడుతుంది, బతికున్నవాళ్ళ కళ్ళు మండిస్తుంది. ఓ గుక్కెడు బల్లమీద ఒలికింది. ఆ తరవాత కాసేపు లైన్లో ఉన్నవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు. మెట్లెక్కి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో పోయారనుకుని, ఫోన్లు కట్టేసి ఒక పక్కగా నిలబడ్డారు. ఒక పెద్దాయన సూర్యప్రభగారి దగ్గరికొచ్చి, "ఏ మాత్రం వయసుంటుందండీ, పాపం?" అని అడిగాడు.

"ఇంకా పుట్టలేదండీ."

"అయ్యో తల్లీ," అని ఆయన నిజంగానే ఏడ్చాడు.

మహేందర్ సీసా మూత బిగించి, రెండు చేతులూ జోడించి, "మేడం, మీకు దండం పెడ్త. జర ఆటోల పోండి," అన్నాడు. ఆవిడ ఆటోలోనే ఎల్బీనగర్ వచ్చారు. మేకపిల్లకి ఏమీ కాలేదు.

సూర్యప్రభగారిది మా ఎదురు ఫ్లాటు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతారు, డాక్టర్లు కాబోయే పిల్లలకి. కాబోయే అన్నది వాళ్ళ నాన్నల మాట. "కాకపోతే ఎంతమంది ప్రాణాలు దక్కుతాయో," అన్నది ఆవిడ మాట. ఆ సెంటర్లో పై అంతస్తులో ఒక గదినిండా సీసాలుండేవి. పరీక్షలో బొమ్మలు వస్తాయిగానీ సీసాలు రావు కదా మేడం అని యాజమాన్యం ఆ గదిని ఏసీ క్లాసుగా మార్చింది. సీసాల్ని చెత్తబండికి ఇచ్చేస్తామన్నారు. ఆవిడ ఎవరితోనూ పోట్లాడకుండా, యాజమాన్యాన్ని కాలికింద బొద్దింకను చూసినట్టు ఒక్క చూపు చూసి, రోజుకొకటి ఇంటికి మోసుకొచ్చారు. నాలుగు కాళ్ళ కోడిపిల్ల వచ్చింది. వెన్ను మూసుకోని కుందేలు వచ్చింది. ఒంటికన్ను పందిపిల్ల వచ్చింది. మేకపిల్ల ఆఖరున వచ్చింది.

ఆవిడ చిన్నచూపు చూడని మనిషి ఎల్బీనగర్‌లో లేరు. నన్నూ చూశారు. గుడ్డులో పచ్చసొనే కోడిపిల్ల అవుతుందని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఒకసారి ఆ మాట ఆవిడ ముందు అనేశాను. "పచ్చసొన దాని సద్దిమూటమ్మా. పిల్ల వేరు, మూట వేరు. నువ్వు బస్సెక్కితే నీ బదులు నీ టిఫిన్ డబ్బా దిగుతుందా?" అన్నారు. ఆ తరవాత కొన్నాళ్ళు నేను ఆమ్లెట్ వేసుకున్నప్పుడల్లా తలుపు మూసుకునేదాన్ని.

పెళ్ళెందుకు చేసుకోలేదని మా అపార్ట్‌మెంట్‌లో అడగనివాళ్ళు లేరు. ఆవిడే చెప్పారు నాకు. సొంతూరు రేపల్లె. ఎమ్మెస్సీ చదివేరోజుల్లో సెలవులకి ఇంటికొస్తూ ఆ ఒంటికన్ను పందిపిల్లలాంటిదాన్నే ఒకదాన్ని తెచ్చుకుని అలమరలో పెట్టుకున్నారట. పెళ్ళిచూపులకి వచ్చిన అబ్బాయి మాటవరసకి "అదేంటండీ?" అన్నాడు. మర్యాదకి అడిగిన ప్రశ్నకి అసలు జవాబు చెప్పడం ఆవిడకి పుట్టుకతో వచ్చిన లోపం. కంటికి చోటు మొదట ఒక్కటే ఉంటుందనీ, తరవాత అది రెండుగా విడిపోవాలనీ, విడిపోకపోతే ఒక్క కన్నే మొహం మధ్యలో నిలిచిపోతుందనీ, అప్పుడు ముక్కు దాని కింద కాకుండా దాని పైన తొండంలా మొలుస్తుందనీ, తన ముక్కే చూపించి వివరించారు. ఆ అబ్బాయి రవ్వలడ్డు చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడు.

"పీడా పోయింది. లడ్డూ కూడా పోయింది," అంటారు ఆవిడ. లడ్డూ గురించి ఇప్పటికీ బాధే.

ఇంతకీ ఆవిడ ఆ సీసాల్ని ముద్దుచేసేవారేం కాదు. దుమ్ము తుడుస్తూ, "ఇవి శాపాలు కావు, వింతలు కావు. పని మధ్యలో ఆగిపోయిందంతే. మన కార్పొరేషన్ వాళ్ళు తవ్వి వదిలేసిన రోడ్డులాగా," అనేవారు.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు రామారావుగారు మాత్రం సీసాలకి ఒప్పుకోలేదు. ఆయనది గుంటూరు దగ్గరి ఊరు, విద్యుత్తు శాఖలో చేసి రిటైరయ్యారు, ఆవిడకి సరిగ్గా కింది ఫ్లాటు. మీటింగు పెట్టి, సంసారులుండే చోట ఇలాంటివి తగవని తీర్మానం చేయించి, ఆవిడ ఇంట్లో సీసాలున్న గదికి తాళం వేయించారు. తాళం చెవి మాత్రం సూర్యప్రభగారి దగ్గరే ఉంచారు. తీర్మానాలు చేసేవాళ్ళకి అంత వివరంగా ఆలోచించే అలవాటుండదు. ఆ తాళం మేలే చేసింది. తరవాత జరిగినదాంట్లో సీసాలమీద నేరం మోపడానికి ఎవరికీ వీల్లేకపోయింది. రామారావుగారి కోడలు మృదుల వాటిని ఒక్కసారి కూడా చూడలేదు మరి.

మృదులది నాదర్‌గుల్. అసలు నల్గొండవాళ్ళు, నాదర్‌గుల్‌లో ఇల్లు కట్టుకున్నారు. రామారావుగారబ్బాయి వంశీకృష్ణ, తనూ ఒకే ఆఫీసు. ప్రేమించి, పెద్దవాళ్ళని బతిమాలి, మాఘమాసంలో పెళ్ళి చేసుకున్నారు. వానాకాలం వచ్చేసరికి కడుపుతో ఉంది. అత్తగారు ఉదయలక్ష్మిగారు మెట్లమీద కనబడినవాళ్ళందరికీ చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు.

భాద్రపద పౌర్ణమికి చంద్రగ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణంవేళ కదలకూడదు, కత్తి ముట్టకూడదు, దేన్నీ తెంచకూడదు, కొయ్యకూడదు. ఉదయలక్ష్మిగారు కోడల్ని గదిలో పడుకోబెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టి, కూరగాయల కత్తిని బియ్యం డబ్బాలో దాచారు. మృదుల కాసేపు పడుకుంది. నడుం నొప్పెట్టింది. పగలు కొరియర్ అబ్బాయి తెచ్చిన అట్టపెట్టె మంచం పక్కనే ఉంది. పైనున్న టేపుని గోళ్ళు కత్తిరించుకునే చిన్న కత్తెరతో కోసింది. లోపల గర్భిణులు పక్కకి తిరిగి పడుకోవడానికి పనికొచ్చే దిండు ఉంది. దానిమీద హాయిగా నిద్రపోయింది. పొద్దున ఉదయలక్ష్మిగారికి ఆ కత్తెరా, కోసిన టేపూ కనిపించాయి.

దసరా వెళ్ళాక స్కానింగ్ తీయించారు. బిడ్డ ఎదుగుదల బాగుంది, గుండె బాగుంది, వెన్ను బాగుంది, పై పెదవి ఒక పక్క చీలి ఉంది అన్నారు డాక్టరు. పుట్టిన కొన్ని నెలలకి కుట్టేస్తే సరిపోతుంది, బెంగపడకండి అని కూడా అన్నారు. ఉదయలక్ష్మిగారికి 'చీలి ఉంది' అన్నదాకే వినిపించింది. దాన్ని మనం గ్రహణం మొర్రి అంటాం. ఆవిడకి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"టేపు కోసిందండీ! నా మనవడి పెదవి కోసేసింది!" అని ఆవిడ లిఫ్టు ముందు నిలబడి ఏడుస్తుంటే మేమంతా తలుపులు తీసుకుని బయటికొచ్చాం. మా బిల్డింగులో ఇంజనీర్లున్నారు, ఒక లాయరున్నాడు, బ్యాంకు మేనేజరున్నాడు. ఒక్కరూ కాదని చెప్పలేదు. మేనేజరుగారైతే "చెప్తే వినాలి కదండీ ఈ కాలం పిల్లలు," అని లిఫ్టు ఎక్కేశారు. ఆయనకి ఇంటి రుణాలమీద మంచి పట్టుంది.

సూర్యప్రభగారు కిందికి దిగారు. నన్నూ రమ్మన్నారు.

ఉదయలక్ష్మిగారి డైనింగ్ టేబుల్ మీద పూరీలకి కలిపిన పిండి ఉంది. ఏడుస్తూనే కలిపినట్టున్నారు, మెత్తగా కుదిరింది. సూర్యప్రభగారు అడక్కుండానే ఓ ముద్ద తీసుకుని మూడు ముక్కలు చేశారు.

"వదినగారూ, ఇటు చూడండి. మొహం కడుపులో ఒక్కసారిగా అచ్చు పోసినట్టు రాదు. ముక్కల్లా వస్తుంది. నుదుటివైపు నుంచి ఈ ముక్క కిందికి దిగుతుంది. చెంపలవైపు నుంచి ఇదొకటీ, ఇదొకటీ మధ్యకి నడిచొస్తాయి. ఇక్కడ, ముక్కు కింద, మూడూ కలుసుకుని అతుక్కుంటాయి. మీ ముక్కు కింద గాడి తడిమి చూసుకోండి. అది ఆ కలయిక గుర్తు. అప్పటిదాకా మనందరివీ చీలిన పెదవులే. మీదీ, నాదీ, ఆ బ్యాంకు మేనేజరుదీ."

ఉదయలక్ష్మిగారు తెలియకుండానే ముక్కు కింద వేలు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

"ఇదంతా రెండో నెలలో జరిగిపోతుంది. గ్రహణం నాటికి మీ కోడలికి నాలుగో నెల. అప్పటికి కలవాల్సింది కలిసింది, కలవనిది మిగిలిపోయింది. అప్పుడు కత్తెర కాదు, గొడ్డలి పట్టుకున్నా పెదవికి ఏమీ కాదు. వింటున్నారా?"

"ఎన్నో నెలన్నారు?"

"రెండో నెల. అది దాటేలోపే."

ఉదయలక్ష్మిగారు కళ్ళు తుడుచుకున్నారు. తలుపు పక్కన నిలబడ్డ మృదుల మొహంలో ఆ వారంలో మొదటిసారి రంగు వచ్చింది. సూర్యప్రభగారు పిండి చేతుల్తోనే విజయగర్వంతో మెట్లెక్కేశారు. ఆవిడకి గెలవడం వచ్చు. గెలిచాక అక్కడ ఇంకాసేపు కూర్చుని, ఓడినవాళ్ళు ఏం చేస్తున్నారో చూడటం రాదు.

వాళ్ళు వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకుంటున్నారు.

రెండో నెల అంటే ఆషాఢం. ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒకే గడప దాటకూడదని మృదులని పుట్టింటికి పంపారు. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే చోటొకటుంది. పొద్దున లేస్తే చిన్న చిన్న విమానాలు తుమ్మెదల్లా ఊరిమీద చక్కర్లు కొడుతుంటాయి. మృదుల వాళ్ళమ్మ కౌసల్యమ్మ డాబామీద బట్టలారేస్తే వాటిమీద విమానాల నీడలు పాకుతుంటాయి. ఇవన్నీ పెళ్ళిమాటలకి వెళ్ళినప్పుడు ఉదయలక్ష్మిగారు చూసినవే.

మర్నాడు పాలప్యాకెట్ల వేళకి కొత్త సిద్ధాంతం తయారైంది.

"గ్రహణం అంటే ఏంటండీ? నీడేగా! ఆ విమానాల నీడ నెల్లాళ్ళూ దీని కడుపుమీద పడింది. వాళ్ళమ్మకి తెలియొద్దూ? నేను ఊరికే అనడంలేదు, సూర్యప్రభగారే శాస్త్రం ప్రకారం చెప్పారు, సరిగ్గా రెండో నెలలో అని!"

ఆ మాట సూర్యప్రభగారికి నేనే చేరవేశాను. ఆవిడ తింటున్న ఇడ్లీ ప్లేటు పక్కకి జరిపేశారు.

"ఇన్నాళ్ళూ ఆవిడ గుడ్డిగా కొట్టేది. నేను వెళ్ళి గడియారం ఇచ్చొచ్చాను. ఇప్పుడు టైము చూసుకుని మరీ కొడుతోంది," అన్నారు.

దెబ్బ గట్టిగానే తగిలింది. సీమంతం మానేశారు. మృదులని నాదర్‌గుల్ పంపేసి, పురుడు అక్కడే పోసి, బిడ్డ పెదవి కుట్టించి, మచ్చ మానాకే తీసుకురావాలని ఉదయలక్ష్మిగారు తేల్చారు. బంధువుల కంట పడకూడదు. ఎవరైనా అడిగితే కోడలికి ఆఫీసువాళ్ళు పూనాకి బదిలీ చేశారని చెప్పాలి. వంశీకృష్ణ చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి, "కొన్నాళ్ళేగా మృదూ, అమ్మ కూల్ అవుతుంది," అని మళ్ళీ పెట్టేసుకున్నాడు. ఆ అబ్బాయిది పెద్ద జీతం. మిగతాది ఏదీ పెద్దగా ఎదిగినట్టు లేదు.

మృదుల మా ఇంటికొచ్చి ఒకే ఒక మాట అడిగింది. "ఆంటీ, నీడ పడితే నిజంగా ఏమీ కాదు కదా?" డిగ్రీ చదివిన పిల్ల. నాలుగు రోజులు ఒకేమాట చెవిలో పోస్తే ఎవరి బుర్రయినా తడుస్తుంది. ఆ అమ్మాయి దోషిగా గడప దాటితే, ఆ బిడ్డ దోషంగా తిరిగొస్తుంది. సూర్యప్రభగారికి నిద్ర పట్టనిది అందుకే.

"ఎందువల్ల వచ్చిందో గట్టిగా చెప్పగలరా మీరు?" అని అడిగాను.

"చాలాసార్లు ఎవరూ చెప్పలేరు. కొన్ని కుటుంబాల్లో మాత్రం వస్తుంటుంది. తాతకి ఉంటే మనవడికి రావచ్చు, రాకపోనూవచ్చు," అని ఆగారు. "ఆ తాత మన కిందింట్లోనే ఉన్నాడు."

నాకర్థం కాలేదు.

"రామారావుగారి మీసం ఎప్పుడైనా సరిగ్గా చూశావా?"

ఎవరు చూడలేదు! దట్టమైన మీసం, రంగేసి, దువ్వి, ఆయనకన్నా ముందు మీటింగుకి వచ్చినట్టుండేది.

"మచ్చమీద వెంట్రుక మొలవదమ్మా. ఎడం పక్కన చిన్న దారి ఉంది. దాన్ని కప్పడానికి కుడిపక్క వెంట్రుకల్ని అటు దువ్వుతాడు. ఎడమ ముక్కుపుటం చూడు, నొక్కినట్టు చదునుగా ఉంటుంది. చిన్నప్పుడు కుట్టించారు. ఆ కాలానికి మంచి పనే చేశాడు డాక్టరెవరో."

"మీకెప్పుడు తెలిసింది?"

"సీసాలమీద తీర్మానం ఆయన చదువుతున్నప్పుడు. 'వికృతమైనవి ఉంచరాదు' అని చదువుతుంటే చూస్తూ కూర్చున్నాను."

"మరి ఒక్కమాటా అనలేదేం?"

"అది ఆయన మొహం. నా క్లాసు కాదు."

మర్నాడు సాయంత్రం డాబామీద నేను వడియాలు ఎత్తుతుంటే, రామారావుగారు వాకింగ్ చేస్తున్నారు. సూర్యప్రభగారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. నన్ను పొమ్మనలేదు. ఆయనకి నేను వడియాలతో సమానం.

"అన్నయ్యగారూ, మీ పెదవి ఎడమ పక్క ఎవరు కుట్టారు?"

ఆయన నడక ఆగిపోయింది. చెయ్యి దానంతటదే మీసంమీదికి వెళ్ళింది.

"చిన్నప్పుడు మెట్లమీంచి పడ్డాను."

"మెట్లమీంచి పడితే పెదవి చిట్లుతుంది. ముక్కుపుటం పుట్టుకనుంచీ చదునవదు."

"మా అమ్మ పోయేదాకా అదే చెప్పింది. పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పింది. ఉదయకి ఇప్పటికీ అంతే తెలుసు," అన్నారు. ఆ గొంతు అసోసియేషన్ ప్రెసిడెంటుది కాదు.

"మీకు తెలుసుగా. కోడలు ఏడుస్తోంది, మీరు పేపరు చదువుతున్నారు."

"ఇప్పుడు చెబితే ఏమవుతుందో మీకు తెలీదమ్మా. మోసం చేసి పెళ్ళి చేసుకున్నారంటుంది. వాళ్ళ అన్నదమ్ముల ముందు నా మొహం ఎలా..."

"అరవై దాటాయి మీకు. ఇంకా ఎవరొస్తున్నారండీ మీకు పెళ్ళిచూపులకి?"

ఆవిడ వెళ్ళిపోతూ మెట్ల దగ్గర ఆగారు.

"నేను చెప్పను. నేను చెబితే అది చాడీ. మీరు చెబితే కబురు. అంత చిన్న గీతని మొయ్యలేక ఇంత పెద్ద గుంజ నాటుకున్నారు మొహంమీద. దానికి ఆ పిల్లని కట్టేస్తున్నారు. నా సీసాలో కుందేలుకి వెన్ను కుదరకపోవడానికి కారణం ఉంది అన్నయ్యగారూ. మీకేం కారణం?"

"నేనైతే ఆ మాటకి డాబామీంచి దూకేవాణ్ణి," అన్నారు మా వారు విని. రామారావుగారు మాత్రం కిందికి వెళ్ళి టీవీ పెట్టుకున్నారని తెలిసింది. సూర్యప్రభగారు ఆ రాత్రి కోడిపిల్ల సీసా మూడుసార్లు తుడిచారు.

ఆదివారం కౌసల్యమ్మ ఆటో మాట్లాడుకుని కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చింది. సూట్‌కేసులు లిఫ్టు ముందుకి చేరాయి. ఆ పొడుగాటి దిండు మాత్రం ఎందులోనూ పట్టక గోడకి ఆనించి ఉంది. రామారావుగారు ఇంట్లో లేరు. పొద్దున్నే బయటికి పోయారట. ఇలాంటప్పుడు మగవాళ్ళకి కూరగాయలు గుర్తొస్తాయి.

"జాగ్రత్తగా చూసుకోండి. కనీసం ఇప్పుడైనా డాబా ఎక్కనివ్వకండి," అన్నారు ఉదయలక్ష్మిగారు, కళ్ళొత్తుకుంటూ.

"ఏంది వదినా, ఎక్కితే ఏమైతది?"

"విమానాలు..."

"మా వాడకట్టుల గా విమానాల కిందనే అందరు పుట్టిండ్రు. ఏ ఒక్కని పెదవన్న చీలిందా? మల్ల, ఆషాఢం ఆషాఢమని నా బిడ్డను పంపింది ఎవరు? నేనచ్చి ఎత్కపోయిన్నా? మీరే గద పంపింది!"

"పంపింది మేమేనండీ, చూసుకోవాల్సింది మీరు కదా!"

"చూస్కున్నం. గిప్పుడు సుత చూస్కుంటం. బరువైతే చెప్పుండ్రి, గట్లనే ఉంచుకుంట, తిరిగి రాదు."

"అమ్మా, ఊకో," అంది మృదుల. వంశీకృష్ణ సూట్‌కేసు హ్యాండిల్ లోపలికీ బయటికీ లాగుతున్నాడు. సూర్యప్రభగారు పై అంతస్తు నుంచి దిగే మెట్లమీద పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డారు. చెప్పనని మాటిచ్చిన మనిషి. ఆ మాట ఆవిడ గొంతులో అటూ ఇటూ తిరగడం నాకు కనిపిస్తూనే ఉంది.

లిఫ్టు పైకొచ్చింది. తలుపు తెరుచుకుంది. లోపల ఎవరో పెద్దాయన ఉన్నారు. ఉదయలక్ష్మిగారు కొంగు సర్దుకుని, "ఎవరు కావాలండీ?" అని అడిగారు.

"నేనే ఉదయా."

మీసం లేదు. ఎండ ఎరగని చర్మం ముక్కు కింద తెల్లగా, పట్టీ అంటించినట్టు ఉంది. దానిమీద ముక్కుపుటం నుంచి పెదవిదాకా, చిన్నగా, వంకరగా ఒక గీత. ఇదా ఇంతకాలం దాచింది? బజార్లో ఎవడూ రెండోసారి తిరిగి చూడడు దాన్ని.

"ఇది మెట్లమీంచి పడితే వచ్చింది కాదు," అన్నారాయన. మీసం లేకపోయేసరికి మాటలు కూడా బట్టల్లేకుండా వస్తున్నట్టున్నాయి. "పుట్టుకతోనే ఉంది. మా అమ్మ అబద్ధం చెప్పింది. నేనూ చెప్పాను. పిల్లాడిది నా పోలిక."

"విమానాలు..." అన్నారు ఉదయలక్ష్మిగారు, అలవాటుగా.

"నేను పుట్టినప్పుడు మా ఊరికి బస్సే రాలేదు ఉదయా. విమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

కౌసల్యమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మృదుల మాత్రం నవ్వలేదు. మామగారి దగ్గరికి నడిచి, ఆ గీతని కళ్ళార్పకుండా చూసింది. "ఇంతేనా మామయ్యా? ఇంతే ఉంటుందా వాడికీ?" అంది.

"ఇంతకన్నా తక్కువే ఉంటుందమ్మా. ఇప్పుడు బాగా కుడతారు."

తాతవల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేదనీ, అవకాశం మాత్రమే అనీ సరిదిద్దాల్సిన మనిషి మెట్లమీదే ఉన్నారు. ఒక తప్పు వాక్యాన్ని వదిలేసి ఊరుకోవడం ఆవిడ జీవితంలో నేను చూసింది ఆ ఒక్కసారే. కోడలి సూట్‌కేసుని రామారావుగారే లోపలికి లాక్కెళ్ళారు. దిండు వంశీకృష్ణ మోశాడు. అది చాలా తేలిక, సరిపోయింది. ఆటో అతను కిందనుంచి హారన్ కొడుతుంటే కౌసల్యమ్మ బాల్కనీలోంచి, "నువ్ పో అన్నా, నేను అన్నం తిని వస్త," అని అరిచింది.

కార్తీకంలో సీమంతం చేశారు. గుంటూరు చుట్టాలొచ్చారు. రామారావుగారు గీతతోనే ముందు వరసలో కూర్చున్నారు. అందరూ ఆయన్ని చూసి, చూడనట్టు నటించి, మెట్లమీద మాట్లాడుకున్నారు. ఒకావిడ నా చెవిలో, "ఈ మధ్య పడ్డారా?" అని అడిగింది. బ్యాంకు మేనేజరుగారు, కుటుంబ రహస్యాలు ఇలా బజారున పెట్టడం సంస్కారం కాదన్నారు. రెండుసార్లు పులిహోర వడ్డించుకున్నారు.

ఉదయలక్ష్మిగారు ఆ రోజంతా సూర్యప్రభగారితో మాట్లాడలేదు. గాజులు తొడిగేవేళ చాటుగా పట్టుకున్నారు. పక్కనే అక్షింతల పళ్ళెం పట్టుకుని నేనున్నాను.

"ఏం మనిషండీ మీరు! ముప్పై ఏళ్ళకి పైగా చూసిన మొహాన్ని మార్పించేశారు. పొద్దున లేచి పక్కన చూస్తే ఎవరో పరాయి మగాడు పడుకున్నట్టుంది వదినగారూ, మీకేం తెలుస్తుంది నా బాధ!"

సూర్యప్రభగారు ఆవిణ్ణీ, ఆవిడ భుజంమీంచి ముందు వరసలోని రామారావుగారినీ తీరిగ్గా చూశారు.

"ఈయన పాత మనిషే వదినగారూ, ఇన్నేళ్ళూ మీరు కాపురం చేసింది మీసంతో."